ముద్దు పురుగు: భయం ఒకచోట, ప్రమాదం ఇంకోచోట

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాలుగా మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. ‘అమెరికాలో ముద్దు పురుగు, కుట్టిందంటే చావే’ అని పెద్ద గొంతుతో చదివారు. తెర మీద చూపించినది మాత్రం అసలు ఆ పురుగే కాదు. వెనక కాళ్లు ఆకుల్లా వెడల్పుగా ఉండి, కాయల రసం పీల్చుకు బతికే వేరే పురుగు. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పినవాణ్ణి, ప్రస్తుతం టెక్సాస్‌లో ఆస్టిన్ దగ్గర కూతురింట్లో ఉంటున్నవాణ్ణి. ఊరుకోబుద్ధి కాక రాస్తున్నాను.

ఈ పురుగు మన నల్లికి దూరపు చుట్టం. దానిలాగే రాత్రిపూట వచ్చి రక్తం తాగుతుంది, కాకపోతే అంగుళం దాకా పెరుగుతుంది. నిద్రలో ఉన్నవాళ్ల ముఖం మీద కుడుతుందని ఇంగ్లీషువాళ్లు ముద్దు పురుగన్నారు. బ్రెజిల్‌లో ‘బర్బేరో’ అంటారు, అంటే గడ్డం గీసేవాడని. జబ్బు తెచ్చేది దాని కాటు కాదు, మలం. తాగినంత తాగి అక్కడే విసర్జిస్తుంది. అందులో ట్రిపనోసోమా క్రూజీ అనే పరాన్నజీవి ఉంటే, మనం గోక్కున్నప్పుడు గాట్లోకి, అదే చేత్తో నలుపుకుంటే కంట్లోకి చేరుతుంది. 1909లో బ్రెజిల్ డాక్టర్ కార్లోస్ చాగస్ కనిపెట్టాడు కాబట్టి చాగస్ వ్యాధి అని పేరు.

టెక్సాస్‌లో పట్టి పరీక్షించిన పురుగుల్లో సగానికి పైగా ఈ పరాన్నజీవి కనిపించింది. వినగానే గుండె గుభేలుమంటుంది. అయినా ఇక్కడే సోకిందని తేలిన మనుషులు కొన్నేళ్లవి కలిపినా పదుల్లోనే ఉన్నారు. ఇక్కడి జాతులు చాలావరకు తాగాక మనిషి మీంచి దిగిపోయాకే విసర్జిస్తాయి. పైగా కిటికీలకు మెష్ ఉంటుంది, తలుపులు బిగించి ఏసీ వేసుకుంటారు. పరాన్నజీవి ఉన్న పురుగే అయినా వందలసార్లు, ఒక్కోసారి వేలసార్లు తగిలితేగానీ ఒకరికి సోకదని పరిశోధకుల అంచనా.

అయితే మాలాంటి విజిటర్ వీసా పెద్దవాళ్ల సంగతి వేరు. ఏసీ పడదని మే నెలలో నేను వెనక వరండాలో మంచం వేయించుకున్నాను. ఒక రాత్రి కుక్క పడుకునే పరుపు మీద, లైటు కింద కనిపించింది. నల్లటి ఒళ్లు, అంచు పొడుగునా నారింజ రంగు చారలు, సన్నగా సాగిన మూతి. పాఠం చెప్పినవాణ్ణే, చేయి చెప్పు మీదికి పోయింది. ‘నాన్నా, కొట్టొద్దు!’ అని మా అమ్మాయి గాజు గ్లాసు బోర్లించింది. చితికితే లోపలున్నదంతా బయటికి వస్తుంది కదా. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్లు ఈ పురుగుల మీద జనం సాయంతోనే పరిశోధన చేస్తున్నారు, వాళ్లకు ఫోటో పంపాం. మంచం ఆ రాత్రే లోపలికి వచ్చేసింది. కుక్క గురించి మాత్రం బెంగగానే ఉంది. కుక్కలు ఈ పురుగుల్ని నోట కరుచుకుని తింటాయి, అలా జబ్బు తెచ్చుకుని కొన్ని గుండె దెబ్బతిని పోతాయి.

అసలు బాధ పడుతున్నవాళ్లు ఆ వీడియోలో ఎక్కడా లేరు. బొలీవియాలో, అర్జెంటీనాలో పగుళ్లిచ్చిన మట్టిగోడల ఇళ్లల్లో పడుకునే పేదవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 70 లక్షల మందికి పైగా ఈ జబ్బు ఉంది. చాలామందికి ఉన్నట్టే తెలియదు. మొదట్లో కాస్త జ్వరంలా వచ్చి పోతుంది. ఆ తర్వాత ఇరవై, ముప్పై ఏళ్లకు నూటికి 20 నుంచి 30 మందికి గుండె ఉబ్బడమో, పేగులు పనిచేయకపోవడమో జరుగుతుంది. తొలి రోజుల్లోనే పట్టుకుంటే బెంజ్‌నిడజోల్ లాంటి మందులు బాగా పనిచేస్తాయి. తల్లి నుంచి కడుపులో బిడ్డకు, రక్తం ఎక్కించినప్పుడు కూడా సోకుతుంది. 2005లో బ్రెజిల్‌లోని సాంటా కాటరీనాలో చెరుకురసం తాగి చాలామంది ఈ జబ్బున పడ్డారు, కొందరు చనిపోయారు. చెరుకుతో పాటు పురుగూ గానుగలో నలిగిందన్నమాట.

హైదరాబాద్ నుంచి మా మరదలు ఫోన్ చేసి ‘బావగారూ, బాత్రూంలో అలాంటిదే కనబడింది’ అంటే నవ్వొచ్చింది. మన దేశంలో ఈ పరాన్నజీవి లేదు. పురుగు తాలూకు చుట్టాలున్నాయి. ట్రయటోమా రుబ్రోఫాసియాటా అనేది మన దగ్గరా ఉంది, కానీ అది మోసేది ఎలుకల్లో ఉండే వేరే సూక్ష్మజీవిని.

మీ పత్రిక అమెరికా తెలుగువాళ్ల పేజీలో ముద్దు పురుగు ఫోటో అసలు సైజులో వేయమని మనవి. పక్కనే ఆ ఆకుకాళ్ల పురుగునూ వేయండి. వీడియో చూసిన మర్నాడే మా అల్లుడు పెరట్లో దానిమ్మ చెట్టు మీద ఉన్న ఆ పురుగులన్నిటికీ మందు కొట్టి చంపేశాడు. ముద్దు పురుగులు దాక్కునే కట్టెల గుట్ట మాత్రం ఇప్పటికీ పడకగది గోడకు ఆనుకునే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత జువాలజీ అధ్యాపకుడు,
గుంటూరు (ప్రస్తుతం టెక్సాస్)