చోజుబాయికి మన ఎండ పడదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం పేజీలో బోన్సాయ్ మీద వ్యాసంతో పాటు చోజుబాయి అనే జపాన్ క్విన్స్ ఫొటో వేశారు కదా, ఆకన్నది లేకుండా మోటు కొమ్మ నిండా ఎర్రపూలు. ఆ ఫొటో చూసి మా కాలనీలోనే ముగ్గురు ఫోన్ చేశారు, "అక్కా, అది ఎక్కడ దొరుకుతుంది?" అని. ఆ సరదా నేను రెండేళ్ల కిందటే తీర్చుకున్నాను కాబట్టి రాస్తున్నా.

ఆన్‌లైన్‌లో తెప్పించాను, 1,200 రూపాయలు. ఫిబ్రవరిలో తడి కాగితం చుట్టిన జానెడు పుల్ల వచ్చింది. పది రోజులకు మూడు పూలు విచ్చాయి, ఒక్కొక్కటీ రూపాయి బిళ్లంత, కాడ కూడా కనపడకుండా కొమ్మకే అతికించినట్టు. అవి రాలేదాకా మా ఇంట్లో కాఫీలన్నీ మిద్దె మీదే! మార్చి ఆఖరుకు ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, అలాంటి నీళ్లకు మొక్కకు ఇనుము అందదు. ఫిల్టర్ నీళ్లు పోశాను, షేడ్ నెట్ కట్టాను, కుండీ చుట్టూ తడి గోనెపట్టా చుట్టాను. "దానికి ఏసీ పెట్టించు, నాకు ఫ్యాన్ చాల్లే" అన్నారు మా ఆయన. మే రెండో వారంలో గోరుతో బెరడు గీకి చూస్తే లోపల పచ్చదనం లేదు.

మొక్కను తప్పుపట్టను. చోజుబాయి అంటే దీర్ఘాయుష్షు అని అర్థం వచ్చే పేరట, మా ఇంట్లో మూడు నెలలు బతికింది పాపం. అది ఆపిల్ కుటుంబం, చలికి ఆకు రాల్చి నిద్రపోయి లేచి పూసే రకం. కర్నూల్లో డిసెంబరు మధ్యాహ్నం కూడా 30 డిగ్రీల దగ్గర ఉంటే అది ఎప్పుడు పడుకోవాలి? ఇక మే నెలలో అరచేతి వెడల్పు కుండీలో వేర్లు ఉడికిపోతాయి. జపాన్ వాళ్లు దాన్ని అంతగా ఎందుకు మెచ్చుతారంటే ఆకు చిన్నది, బెరడు తొందరగా గరుకెక్కుతుంది, మొదట్లోంచి పిలకలు వేస్తుంది కాబట్టి ఒంటి మానుగా కాక గుబురుగా పెంచుకోవచ్చు, ఏడాదిలో ఒకటికి రెండుసార్లు పూస్తుంది. కొమ్మ గుచ్చినా వేరు ముక్క పాతినా వస్తుంది గానీ లావెక్కడానికి ఏళ్లు పడుతుంది. (ఫోన్ చేసినవాళ్లలో ఒకరు యునానీ కొట్లో దగ్గుకిచ్చే బిహిదానా నాటితే వస్తుందా అని అడిగారు. అదీ క్విన్స్ గింజే, కానీ చెట్టు వేరు.)

ఇవే గుణాలు చాలావరకు ఉన్న మొక్క మన దగ్గర ఉంది, కలివి. చిన్నాకు, ముళ్లు, మల్లెలా వాసనొచ్చే తెల్లపూలు, నల్లటి పండ్లు, మొదలు నరికినా మళ్లీ చిగురిస్తుంది. కడప అడవుల్లో దొరికిన కలివికోడి అనే పిట్టకు ఆ పేరు ఈ పొదల వల్లే వచ్చింది. నేను పండు తిని గింజలు నాటాను. బోన్సాయ్ కోసం నల్లమలకు పోయి ముదురు మోడు తవ్వుకొద్దామని మాత్రం ఎవరూ అనుకోవద్దు, అది పులుల అడవి, మొక్క పీకినా కేసే. మోడు కావాలంటే పాతబస్తీలో మట్టిమిద్దెలు కూలగొట్టేచోట మేస్త్రీని అడగండి, గోడల్లో మొలిచిన జువ్వి, రావి ఊరికే ఇస్తారు. వానలు పడ్డాక ఇసుకలో పెడితే నాకు మూడింట్లో రెండు బతికాయి.

ఇకమీద ఇలాంటి వ్యాసాలు వేసేటప్పుడు ఆ మొక్క ఎంత ఎండకు ఆగుతుందో ఒక్క లైను కలపండి సార్, సిమ్లా వాళ్లు చదివే పేపరు కాదు కదా మీది. నా కలివికి నాలుగేళ్లు నిండాయి, బేతంచెర్ల బండ ముక్క మీద మట్టి గట్టు కట్టి పెంచుతున్నాను. ఫొటో కావాలంటే పంపిస్తాను.

– మీ పాఠకురాలు, కర్నూలు