వార్షిక నివేదిక: గుర్తు తెలియని తూటాలు, రేంజ్‌లో నిప్పు

గౌరవ సభ్యులకు, క్రీడాకారులకు, వారి తల్లిదండ్రులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం తర్వాత హనుమకొండలోని మన తుపాకి షూటింగ్ సంఘం చేసిన పనుల వివరం ఇది. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది. సందేహాలుంటే కోశాధికారిని అడగండి. పిల్లల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ శిక్షణ ఏడాది పొడుగునా నడిచింది. ఆ తుపాకుల్లో పేలుడు మందు ఉండదు కాబట్టి నిప్పు భయం లేదు. గాలి సిలిండరులో మాత్రం 200 బార్ (ఒత్తిడి కొలత) దాకా ఒత్తిడి ఉంటుంది, అందుకని దాని మీద ముద్రించిన గడువు దాటితే వాడనివ్వడం లేదు.

కార్యవర్గం ఎక్కువ సమయం పెట్టింది పాత తూటాల మీద. వానాకాలంలో ఒక సభ్యుడు చనిపోయిన తన తాతగారి సందుగ తెరిచాడు. పైన చెమ్మకు ఉబ్బిపోయిన కాగితపు 12 బోర్ (వేట తుపాకి) కార్ట్రిడ్జులు, కింద గుడ్డలో చుట్టిన కొన్ని .303 (బ్రిటిష్ సైనిక రైఫిల్) తూటాలు. అతను వాటిని సంచిలో వేసుకుని రేంజ్‌కు, అంటే మన కాల్పుల సాధన స్థలానికి, తేలేదు. ఉన్నచోటే వదిలి, గదికి తాళం వేసి, మనకు ఫోన్ చేశాడు. మనం పోలీసులకు చెప్పాం, వాళ్లు వచ్చి తీసుకెళ్లారు. ఆ యువకుడిని సభ్యులందరి తరఫున ఇక్కడ అభినందిస్తున్నాను.

ఆ .303 తూటాల్లో ఒకదాని అడుగున ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) చుట్టూ ఎర్రటి గీత ఉంది. బ్రిటిష్ పద్ధతిలో ఊదా గీత ఉంటే మామూలు తూటా, ఆకుపచ్చ అయితే కవచం చీల్చేది, ఎరుపు ట్రేసర్ (వెలుగుతూ పోయేది), నీలం నిప్పంటించేది. అడుగున చెక్కిన అక్షరాలు కూడా చెబుతాయి: జి అంటే ట్రేసర్, డబ్ల్యు అంటే కవచం చీల్చేది, బి అంటే నిప్పంటించేది. కె.ఎఫ్. అని ఉంటే అది పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ సరుకు. ట్రేసర్ తూటా వెనక భాగంలో మండే మందు ఉంటుంది, అది వెలుగుతూనే పోతుంది. ఎండుగడ్డిలో పడినా, రబ్బరు తురుము నింపిన బట్‌లో (గురి వెనక తూటాలను ఆపే కట్టలో) పడినా అక్కడే అంటుకుంటుంది.

మన వైపు ఇలాంటివి బయటపడటం వింతేమీ కాదు. నిజాం కాలం నాటి తుపాకులున్న ఇళ్లున్నాయి, 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిచిన నేల ఇది, తర్వాతి దశాబ్దాల్లో అడవిలో పూడ్చిన ఆయుధాల డంపులు ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. .303 తోపాటు 7.62 (మిల్లీమీటర్ల) రకాలూ కనబడవచ్చు.

రంగు చూసి నేను చెప్పగలను అనే అనుభవజ్ఞులకు ఒక్క మనవి. మొనకు వేసే రంగు దేశాన్ని బట్టి మారుతుంది. 5.56 నాటో తూటాకు ఆకుపచ్చ మొన ఉంటే లోపల ఉక్కు ముక్క ఉందని అర్థం. అదే ఆకుపచ్చ సోవియట్ 7.62లో ట్రేసర్. అమెరికా .30 తూటాకు వెండి రంగు మొన ఉంటే కవచం చీల్చి నిప్పు కూడా అంటిస్తుంది; సోవియట్ 7.62×54 మీద అదే రంగు ఉంటే సాధారణ ఉక్కు గర్భపు తూటా. ఎక్కడ తయారైందో తేలకుండా రంగును నమ్మడం ప్రమాదం. పైగా ఏళ్లు గడిస్తే రంగు రాలిపోతుంది, అప్పుడు అన్నీ మామూలు తూటాల్లాగే కనిపిస్తాయి.

అయస్కాంతం పెట్టి చూడటం మంచి అలవాటే, ఫైరింగ్ పాయింట్ (కాల్చేవాళ్లు నిలబడే చోటు) దగ్గర ఒకటి కట్టి ఉంచాం. అతుక్కుంటే ఉక్కు ఉన్నట్టే, కానీ అది లోపలి గర్భమా పైతొడుగా అన్నది చెప్పదు. మనకు ఆ తేడా అక్కర్లేదు. మొనకు అతుక్కున్న తూటా ఏదైనా మన రేంజ్‌లో పేలకూడదు. అతుక్కోలేదని నిశ్చింతగా ఉండటమూ సరికాదు, అచ్చం రాగి తూటాలు అయస్కాంతానికి అంటవు.

దీనికి కారణం 2013లో అమెరికా అటవీ శాఖ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో ఉంది. ఉక్కు పలక మీదికి రైఫిల్ తూటాలు కాల్చి, చెదిరిన ముక్కలను ఎండు పీట్‌లో (కుళ్లిన నాచుతో ఏర్పడిన, సులువుగా అంటుకునే పదార్థంలో) పడనిచ్చారు. ఉక్కు ఉన్న తూటాలు, పూర్తిగా రాగితో చేసిన తూటాలు తరచుగా నిప్పు పుట్టించాయి. ముక్కల వేడి 800 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చని తేలింది. మన బయటి రేంజ్‌లో ఉక్కు పలక లేదు, కానీ మట్టి కట్ట వెనక నల్లరాతి గుట్ట ఉంది. గురి పైకి తప్పిన తూటాకు ఆ రాయి చాలు.

ఫాల్గుణం వచ్చేసరికి బోద గడ్డి నిలువునా ఎండి ఉంటుంది. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు కాల్చే కాలం కూడా అదే. ములుగు, ఏటూరునాగారం అడవుల్లో ఆ మంటలు ఎలా పాకుతాయో మనలో చాలామంది కళ్లారా చూసినవాళ్లే. అందుకే ఈసారి శివరాత్రికి ముందే కట్టకూ ఫైరింగ్ పాయింట్‌కూ మధ్య గడ్డి అంతా కోయించి, గుట్ట అంచున మట్టి కనబడేలా దున్నించాం. నీళ్ల ట్యాంకు, ఇసుక బకెట్లు, పచ్చి కొమ్మలు సిద్ధంగా పెట్టాం. గాలి గట్టిగా వీచే మధ్యాహ్నాల్లో బయటి రేంజ్ మూసేస్తున్నాం. ఇది నచ్చని సభ్యులున్నారు. కానీ పక్కన రైతుల చేలున్నాయి, పశువులు మేస్తున్నాయి. వాళ్ల పంట మన సాధన కన్నా చిన్నది కాదు.

లోపలి .22 (చిన్న తూటాల రైఫిల్) హాలులో అపాయం వేరు. కాల్చినప్పుడు పూర్తిగా కాలని మందు రేణువులు షూటర్ ముందు నేల మీద, చాప పోగుల్లో పేరుకుంటాయి. నిప్పురవ్వ పడితే ఒక్కసారిగా భగ్గుమంటాయి. అందుకే అక్కడి కార్పెట్ తీసేశాం. నేలను నీళ్లతో తడిపి తుడుస్తున్నాం. మామూలు వాక్యూమ్ క్లీనర్ వాడొద్దని తుడిచే మనిషికి చెప్పి, గోడ మీద రాసి పెట్టాం, దాని మోటారు రవ్వే చాలు. శబ్దం తగ్గించడానికి ఫోమ్ అతికిద్దామన్న ప్రతిపాదనను ఇదే కారణంతో తిరస్కరించాం.

తూటా పేలకపోతే తుపాకి గురి వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. పాత మందు గురించి ఇంకొక్క మాట: పుల్లటి ఘాటు వాసన, గోధుమ ఎరుపు పొగ కనిపిస్తే మందు లోలోపల చెడుతోందని అర్థం. అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. దగ్గరికి వెళ్లకండి.

పోలీసు స్టేషన్ అంటే భయపడి కొందరు ఇలాంటివి చెరువులోనో బావిలోనో పడేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. 1959 ఆయుధ చట్టం ప్రకారం, లైసెన్సుదారు చనిపోతే తుపాకి, తూటాలను వారసులు జాప్యం లేకుండా దగ్గరి స్టేషన్‌లో జమ చేయాలి. ఎన్నికలప్పుడు మనమంతా చేసే పనే ఇది. అనుమానం ఉన్న తూటా అయితే కదిలించకుండా స్టేషన్‌కు కబురు చెప్పండి. తోడు కావాలంటే కార్యవర్గంలో ఎవరో ఒకరం మీ వెంట వస్తాం.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు తీర్మానాలు మీ ముందు పెడుతోంది. ఫ్యాక్టరీ పెట్టెలో, బిల్లుతో ఉన్న తూటాలే రేంజ్‌లోకి అనుమతించాలన్నది మొదటిది. వేసవి ముందు గడ్డి కోతకు విడిగా నిధి కేటాయించాలన్నది రెండోది. చర్చ తర్వాత చేతులెత్తి ఓటు వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి