గేటు దగ్గర ఆగిపోకండి, లోపలికి రండి

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచి వారం అయింది. మొదటి రోజు ఏడుపులు తగ్గాయి. కొత్త బూట్లు కరిచి కుంటిన పిల్లలు మళ్ళీ మామూలుగా పరిగెడుతున్నారు. పుస్తకాలకి అట్టలు వేయడం చాలామందికి ఇంకా పూర్తి కాలేదని తెలుసు, దానికి తొందరేమీ లేదు. ఫీజులు, యూనిఫాం, బస్సు టైములు అన్నీ డైరీలో ఉన్నాయి కాబట్టి ఈ నెల ఉత్తరంలో వాటి జోలికి పోవడం లేదు. ఒకే ఒక్క సంగతి చెప్పాలని కూర్చున్నాను.

మొన్న పొద్దున్న ఎనిమిదిన్నరకి ఒకమ్మ మన గేటు బయట నిలబడి ఉంది. చేపల తట్ట గోడ పక్కన దించి, మీద తడి గోనె కప్పి, చేతులు కొంగుకి రెండుసార్లు తుడుచుకుని, డైరీ పట్టుకుని ఆరో క్లాసు చదివే పెద్దపిల్లకిచ్చింది. "నువ్వెళ్ళి టీచరుగారికి చూపించు" అంది. తమ్ముడికి జ్వరం వచ్చి రెండు రోజులు రాలేదు, ఆ కబురు చెప్పాలి. నేను దగ్గరికెళ్ళి "మీరే లోపలికి రండమ్మా" అన్నాను. "వద్దు ఫాదరూ, ఒళ్ళంతా నీసు. అయినా ఇంగ్లీషోళ్ళ బడిలో నానొచ్చి ఏటి మాటాడతాను" అంది. ఎంత పిలిచినా గడప దాటలేదు.

ఇంగ్లీషోళ్ళ బడి. ఆ మాట రెండు రోజులుగా నన్ను వదల్లేదు. ఆవిడ ఒక్కతే కాదు, మీలో చాలామంది మనసులో ఆ మాట ఉందని నాకు తెలుసు. మన బోర్డు మీద "సెయింట్ అలోషియస్ ఆంగ్లో-ఇండియన్ హైస్కూల్" అని చదివితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అందుకే ఈ బడి ఎవరు పెట్టారో, ఎవరి కోసమో కాస్త వివరంగా చెబుతాను.

మన బడి మొదలైంది 1847లో. అప్పటికి మద్రాసు విశ్వవిద్యాలయమే లేదు, అది పదేళ్ళ తర్వాత వచ్చింది. విశాఖపట్నం మీదుగా రైలు లేదు, పోర్టు లేదు. ఓడ వస్తే దూరంగా సముద్రంలోనే లంగరు వేసేది, మనుషుల్నీ సరుకుల్నీ పడవల్లో ఒడ్డుకి చేర్చేవారు. ఓడలు లోపలికి వచ్చే రేవు మనకి 1933లో గానీ రాలేదు. ఇప్పుడు క్లాసులో ఉండగా ఓడ కూత వినిపిస్తే పిల్లలు కిటికీ వైపు చూస్తారు కదా, బడి మొదలైన రోజుల్లో ఆ కూత కూడా లేదన్నమాట.

బడి పెట్టింది ఇంగ్లీషువాళ్ళు కాదు. సవోయ్ అనే కొండ ప్రాంతంలోని అన్నెసీ ఊరి నుంచి వచ్చిన ఫాదర్లు. అక్కడ 1838లో ఫాదర్ పీటర్ మెర్మియే స్థాపించిన సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీల సభవాళ్ళు. నలుగురు ఫాదర్లు, ఇద్దరు బ్రదర్లు, మొత్తం ఆరుగురు బయలుదేరి 1845లో పాండిచ్చేరి చేరారు, మరుసటి ఏడు విశాఖపట్నం వచ్చారు. అప్పటికి సూయెజ్ కాలువ తవ్వలేదు, ఆ ప్రయాణం ఎంత కష్టమో ఊహించుకోండి. (పిల్లలు వ్యాసాల్లో వీళ్ళని "ఫ్రెంచి దేశస్థులు" అని రాస్తుంటారు. వాళ్ళ భాష ఫ్రెంచే గానీ, వాళ్ళు వచ్చేనాటికి సవోయ్ సార్డీనియా రాజ్యంలో ఉండేది, ఫ్రాన్సులో కలిసింది 1860లో. ఇంట్లో ఈ ముక్క చెప్పండి, సోషల్ టీచర్ సంతోషిస్తారు.) వాళ్ళ వెనకే 1849లో అన్నెసీ సెయింట్ జోసెఫ్ సిస్టర్లు యానాంలో దిగారు, ఆడపిల్లల చదువు కోసం ఆ సిస్టర్లు మన తీరంలో చేసిన పనికి వేరే ఉత్తరమే రాయాలి.

నేను చెప్పదలుచుకున్నది ఏమిటంటే, ఆ ఫాదర్లకి ఇంగ్లీషూ పరాయి భాషే, తెలుగూ పరాయి భాషే. రెండూ ఇక్కడి అవసరం కోసం నేర్చుకున్నవే. మాట తడబడితే ఎంత సిగ్గుగా ఉంటుందో వాళ్ళకి తెలిసే ఉంటుంది. అలాంటి వాళ్ళు పెట్టిన బడిలోకి రావడానికి ఇంగ్లీషు రాదని మీరు టెన్షన్ పడితే నాకు బాధగా ఉంటుంది.

మరి "ఆంగ్లో-ఇండియన్" అని ఎందుకు? తండ్రి వైపు యూరప్ మూలాలుండి, ఈ దేశంలోనే పుట్టి పెరిగిన కుటుంబాలని అలా అంటారు. మన పాతపట్నంలో సోల్జర్‌పేట అని ఇప్పటికీ పిలుస్తున్నాం కదా, ఆ పేరు కంపెనీ కాలపు సిపాయిల నుంచి వచ్చిందే. తర్వాత రైల్వేలో, టెలిగ్రాఫ్‌లో, పోర్టులో ఆంగ్లో-ఇండియన్లు ఎక్కువగా పనిచేశారు. స్వాతంత్ర్యం వచ్చాక చాలా కుటుంబాలు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, కెనడా వెళ్ళిపోయాయి. ఉన్నవాళ్ళు మనలో మనుషులుగా ఉన్నారు.

మన రాజ్యాంగంలో 337వ అధికరణం అని ఒకటుంది. ఆంగ్లో-ఇండియన్ బడులకి ప్రభుత్వ గ్రాంట్లు కొన్నేళ్ళు కొనసాగుతాయని, కానీ ఏటా చేర్చుకునే పిల్లల్లో కనీసం 40 శాతం సీట్లు ఇతరులకి అందుబాటులో ఉంచితేనే ఆ గ్రాంటు దక్కుతుందని అందులో రాశారు. అంటే దేశం తన రాజ్యాంగం రాసుకుంటున్నప్పుడే ఇలాంటి బళ్ళ తలుపులు అందరికీ తెరిచి ఉండాలని చెప్పింది. గ్రాంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది, తలుపు మాత్రం తెరిచే ఉంది. అడ్మిషన్ల టైములో "మేం ఆంగ్లో-ఇండియన్లం కాదు, క్రిస్టియన్లం కూడా కాదు, సీటిస్తారా ఫాదర్" అని ఎవరైనా గొంతు తగ్గించి అడుగుతుంటే, ఆ గొంతు తగ్గించడమే నాకు నచ్చదు. గట్టిగా అడగండి.

ఇక బోర్డు మీద మొదటి పేరు. జూన్ 21 పునీత అలోషియస్ గొంజాగా పండుగ, కాబట్టి ఇంట్లో పిల్లలకి ఈ కథ చెప్పండి. ఇటలీలో 1568లో ఒక ప్రభువు ఇంట పెద్దకొడుకుగా పుట్టాడు. తండ్రికి కొడుకుని సైన్యాధిపతిని చేయాలని కోరిక. నాలుగైదేళ్ళ వాడికి చిన్న కవచం తొడిగించి సైనికుల శిబిరానికి తీసుకెళ్ళాడు. పిల్లాడు ఆ సిపాయిల మధ్య తిరిగి, అర్థం తెలియకుండానే వాళ్ళ బూతులు పట్టేశాడు. గురువు విని మందలిస్తే సిగ్గుతో కుమిలిపోయాడని చెబుతారు. మన పిల్లలు ఫోన్లోంచి మాటలు పట్టుకొస్తున్నారని మీరు నా దగ్గర వాపోతుంటారు కదా, ఈ బడికి పేరిచ్చిన పునీతుడు కూడా ఆ దారి దాటి వచ్చినవాడే. కాబట్టి కొట్టకండి, కూర్చోబెట్టి ఆ మాటకి అర్థం చెప్పండి, చాలావరకు అక్కడితో ఆగిపోతుంది.

పెద్దయ్యాక తన వారసత్వం తమ్ముడికి రాసిచ్చి రోములో జెస్విట్ సభలో చేరాడు. 1591లో అక్కడ అంటురోగం వచ్చింది. ప్రభువుల ఇంటి బిడ్డ ఇల్లిల్లూ తిరిగి భిక్ష అడిగాడు, వీధిలో పడి ఉన్న రోగుల్ని తానే మోసుకొచ్చి కడిగి పడుకోబెట్టాడు. ఆ రోగమే తగిలి అదే ఏడాది జూన్ 21న, 23 ఏళ్ళకే చనిపోయాడు. రోగుల ఒళ్ళు వాసన వేస్తుందని దూరం జరగని మనిషి ఆయన. చేపల తట్ట మోసే తల్లి నీసు వాసన వేస్తానని ఆయన పేరున్న గేటు బయట నిలబడిపోయింది చూశారా, అందుకే నాకంత బాధ.

ఈ విషయంలో నేను ఒకసారి పెద్ద తప్పు చేశాను, చెప్పాలి. ఇంతకు ముందు వేరే ఊళ్ళో పనిచేస్తున్నప్పుడు ఒక తొమ్మిదో క్లాసు అబ్బాయి వాళ్ళ నాన్న ఏ మీటింగుకీ వచ్చేవాడు కాదు. పట్టించుకోని తండ్రి అనుకున్నాను, అబ్బాయితో ఒకసారి అనేశాను కూడా. వాడు ఏమీ మాట్లాడలేదు, అరచేతిలో పెన్ను మూత తిప్పుతూ నిలబడ్డాడు. తర్వాత తెలిసింది, ఆ నాన్న ప్రతి మీటింగుకీ శుభ్రమైన చొక్కా వేసుకుని వచ్చి, ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడి, మీటింగ్ అయ్యేదాకా ఉండి వెళ్ళిపోయేవాడట. రోడ్డు దాటి నేనే వెళ్ళి ఉండాల్సింది. ఆ అబ్బాయికి నేను క్షమాపణ చెప్పాను గానీ, వాడు ఆ మాట విన్న క్షణాన్ని వెనక్కి తీసుకోలేను కదా.

మీకు ప్రతి నెలా ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే. మన ఫాదర్ల సభకి పేరిచ్చిన ఫ్రాన్సిస్ డి సేల్స్ 1594లో షాబ్లే అనే ప్రాంతానికి వెళ్తే, ఆయన చెప్పేది వినడానికి ఎవరూ రాలేదు. అప్పుడాయన చిన్న చిన్న కాగితాలు రాసి ఇళ్ళ తలుపుల కింద నుంచి తోసేవాడు. చెవిటివాడైన ఒక మనిషికి చేతి సైగలతో పాఠం చెప్పాడు. వాళ్ళకి అర్థమయ్యే పద్ధతి వెతుక్కోవడం తన పని అనుకున్నాడు. మేమూ అలాగే అనుకుంటున్నాం, అందుకే ఈ కాగితం తెలుగులో మీ ఇంటికి వస్తోంది.

పిల్లలకి మాత్రం ఈ బాధే లేదు. మధ్యాహ్నం గంట కొట్టాక వరండాలో చూడండి, ఒకడి క్యారేజీలో నెత్తళ్ళ వేపుడు, పక్కవాడిది ముద్దపప్పు ఆవకాయ, మాంసం తినని వాడు అప్పడం మాత్రం తీసుకుని తన పెరుగన్నంలో సగం ఇచ్చేస్తాడు. ఎవరింట్లో ఏ భాష మాట్లాడతారో వాళ్ళకి పట్టదు.

జూన్ 21న పొద్దున్న పది గంటలకి తల్లిదండ్రుల మీటింగ్ పెట్టాం. మాట్లాడేది తెలుగులోనే. ఒడియా, హిందీ వచ్చిన టీచర్లు కూడా కూర్చుంటారు. ఇద్దరూ రాలేకపోతే అమ్మమ్మ, తాతయ్య, మేనమామ ఎవరొచ్చినా సరే. పనికి వెళ్ళేవాళ్ళు పనిబట్టలతోనే రండి, ఆ రోజు కుదరకపోతే ఏ రోజైనా మొదటి గంట ముందు నా గదికి రావచ్చు. తట్టలు, బుట్టలు, సైకిళ్ళు బయట రోడ్డు మీద వదలొద్దు, గేటు లోపల ఎడమ పక్క రేకుల షెడ్డులో నీడ ఉంది, నీళ్ళ కుళాయి ఉంది. వాచ్‌మన్‌కి చెప్పి ఉంచాను.

మీ
హెడ్‌మాస్టర్