పేరు పక్కన నంబరు వేయించండి

సంపాదకుల వారికి,

మా బెజవాడలో కౌన్సెలింగ్ అంటే మూడు రకాలు. ఇంజినీరింగ్ సీటు కోసం ఆప్షన్లు పెట్టుకోవడం ఒకటి. రౌడీషీటర్లను ఆదివారం పొద్దున స్టేషన్‌కు పిలిచి వరసగా నిలబెట్టడం రెండోది. మనసు బాగోలేనివాళ్లు ఒకరికి చెప్పుకుని తేలికపడటం మూడోది. ఈ మూడో పని చేయడానికి అర్హత ఎవరికుందో మామూలు మనిషికి తెలియడం లేదు.

నేను రిటైరైన టీచర్ని. కిందటేడు మావారు పోయాక నిద్ర పట్టడం మానేసింది. తెల్లవారుజామున మూడింటికల్లా గుండెల్లో దడ. ఈసీజీ తీసి అంతా బాగానే ఉందన్నారు. పుణెలో ఉండే మా అబ్బాయి నా ఫోన్లో ఒక యాప్ వేసి, "ఇందులో మాట్లాడమ్మా, ఎవరికీ తెలియదు" అన్నాడు.

వాడు తేలిగ్గానే అన్నాడు. సత్యనారాయణపురంలో మాది రెండు గదుల పోర్షన్. గోడకు అవతల మా తోడికోడలు వాళ్లుంటారు, ఇటు దగ్గితే అటు వినపడుతుంది. అందుకని సాయంత్రం ఆరున్నరకు మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక కుర్చీ వేసుకునేదాన్ని. ఏప్రిల్‌లో ఆ వేళకు కూడా గచ్చు కాలుతూనే ఉండేది. "ఎవరితోనండీ అంతసేపు?" అని బట్టలు తీసుకోవడానికి వచ్చినావిడ అడిగితే, పాత స్టూడెంట్ అని అబద్ధమాడాను.

యాప్‌లో దొరికిన అమ్మాయి పేరు కింద 'సర్టిఫైడ్ థెరపిస్ట్' అని ఉంది. 40 నిమిషాలకు 900 రూపాయలు. మూడోసారి నేను ఏడుస్తుంటే, "పాజిటివ్‌గా ఆలోచించండి ఆంటీ" అని చెప్పి, పది సెషన్ల ప్యాకేజీ తీసుకుంటే తగ్గింపు ఇస్తానంది. ఏం చదివావమ్మా అంటే మూడు నెలల ఆన్‌లైన్ కోర్సట. ఆ పిల్ల అబద్ధమేమీ ఆడలేదు, సర్టిఫికెట్ ఉంది మరి!

తర్వాత మా డాక్టరుగారు చెప్పగా ఒక క్లినికల్ సైకాలజిస్టుతో మాట్లాడాను. ఇదీ ఆన్‌లైన్‌లోనే. ఆవిడకు క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే కేంద్ర సంస్థ, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంది. మొదటి రోజు సలహాలేవీ చెప్పలేదు. నేను ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నానో, నాకు దగ్గర్లో ఉండేవాళ్లెవరో అడిగి ఒక నంబరు రాసుకున్నారు. నేను చెప్పేవి బయటకు పోవనీ, ప్రాణం మీదికి వచ్చే సంగతైతే మాత్రం ఇంట్లోవాళ్లకు చెప్పక తప్పదనీ ముందే చెప్పారు. మందులు తాను రాయననీ, కావాలంటే సైకియాట్రిస్టు దగ్గరకు పంపుతాననీ అన్నారు. ఆ తర్వాతే నిద్ర సంగతికి వచ్చారు. మెలకువ వస్తే గడియారం చూడొద్దు, నిద్ర రాకుండా మంచం మీద దొర్లొద్దు, లేచి ఇంకో గదిలో కూర్చోండి, రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే టైముకు లేవండి అన్నారు. ఇప్పుడు వారంలో నాలుగైదు రాత్రులు నిద్ర పడుతోంది.

2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఆన్‌లైన్‌లో చూసే డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును చీటీ మీద, వెబ్‌సైట్‌లో, రసీదు మీద కూడా చూపించాలి. క్లినికల్ సైకాలజిస్టుల నమోదుకు 1992 నుంచే చట్టం ఉంది. కౌన్సెలర్లను 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టంలో చేర్చి, రాష్ట్రాల్లోనూ రిజిస్టర్లు ఉండాలన్నారు. చట్టాలు ఇన్ని ఉన్నా, ఫోన్ పట్టుకున్న మనిషికి కనపడేది నవ్వు ముఖం, ఐదు నక్షత్రాలే.

కౌన్సెలింగ్ చేసే ప్రతివారూ పేరు పక్కన తమ రిజిస్ట్రేషన్ నంబరు వేసి తీరాలని వైద్య ఆరోగ్య శాఖ నిబంధన పెట్టాలి. నంబరు కొడితే చదువు, అనుభవం తెలుగులో కనపడాలి. పొలం అడంగల్ ఫోన్లో చూసుకుంటున్నాం, ఇదేం బ్రహ్మవిద్య కాదు. నంబరున్న వాళ్లందరూ మంచివాళ్లని నేననను. కానీ తేడా వస్తే ఫిర్యాదు చేయడానికి ఒక చోటంటూ ఉంటుంది.

డబ్బు పెట్టలేనివాళ్ల కోసం 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే రాత్రీపగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మా పక్క ఆరోగ్య కేంద్రం గోడ మీద దోమల పోస్టరు ఉంది గానీ ఈ నంబరు లేదు. ఆ పోస్టరు పక్కన దీన్ని కూడా రాయించి, సాయంత్రాలు ఖాళీగా ఉండే గది ఒకటి తలుపు వేసుకుని ఫోన్లో మాట్లాడుకోవడానికి ఇస్తే నాలాంటివాళ్లకు మేడ ఎక్కే పని తప్పుతుంది. వానాకాలం వచ్చేస్తోంది, ట్యాంకు వెనక రేకు కూడా లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
సత్యనారాయణపురం, విజయవాడ