క్యాన్సర్ చికిత్స తర్వాతి సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ

చందాదారులందరికీ నమస్కారం. గర్భాశయం, దాని ముఖద్వారం, అండాశయాల క్యాన్సర్లకు చికిత్స అయిన మహిళలకు సాయం చేసే మన నిధి లెక్కల మీద కొందరు ప్రశ్నలు అడిగారు. వాటికి ఇదీ మా జవాబు. పట్టిక, రసీదులు, బ్యాంకు పాస్‌బుక్ కోశాధికారి దగ్గర ఉన్నాయి. చందా ఇచ్చిన ఎవరైనా చూసుకోవచ్చు. సాయం అందుకున్న మహిళల పేర్ల మీద మాత్రం కాగితం అంటించాం. అది తీసి చూపించమని దయచేసి ఒత్తిడి చేయొద్దు.

జమ: నెలవారీ చందాలు, ఒకేసారి ఇచ్చిన విరాళాలు, బ్యాంకు వడ్డీ. అన్నిటికన్నా పెద్ద విరాళం ఇచ్చినవారు పేరు వేయొద్దన్నారు, వేయలేదు. ఎవరూ గుర్తు చేయకుండానే నెలనెలా కొద్దికొద్దిగా వేస్తున్నవాళ్లకు మా దండాలు. ఈ నిధి నడుస్తున్నది వాళ్ల వల్లే.

రావలసినవి: సభలో మైకు పట్టుకుని ప్రకటించిన మొత్తంలో దాదాపు మూడో వంతు. ఫోన్ చేస్తే ‘వచ్చే నెల’ అంటున్నారు. లెక్కలు ఏవని గట్టిగా నిలదీసినవాళ్లలో కొందరి పేర్లు ఈ గడిలోనే ఉన్నాయి. ఇంతకు మించి రాయం.

ఖర్చు: చెకప్‌లకు దారి ఖర్చులు. (చికిత్స అయిన మొదటి రెండేళ్లు సాధారణంగా మూడు నాలుగు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి వెళ్లాలి.) ఎముకల సాంద్రత స్కాన్‌లు. చిన్న వయసులోనే అండాశయాలు తీసేసినా, రేడియేషన్‌తో అవి పనిచేయడం మానేసినా ఎముకలు త్వరగా గుల్లబారతాయి కాబట్టి. రసీదు పుస్తకాలు, ఫోన్ బిల్లు.

కాళ్లకు మేజోళ్లు, ఫిజియోథెరపీ: గొడవంతా ఇక్కడే. మొత్తం ఖర్చులో సగానికి పైగా ఇదే. ‘డబ్బు నెలల తరబడి బ్యాంకులో ఎందుకు ఉంచారు? సాక్సులకు ఇంత ఖర్చా?’ అన్నది ప్రశ్న.

ఇవి సాక్సులు కావు. గర్భాశయం, దాని ముఖద్వారం, అండాశయాల క్యాన్సర్లకు ఆపరేషన్ చేసేటప్పుడు చాలామందికి పొత్తికడుపులోని లింఫ్ గ్రంథులు (ఒంట్లో చేరే నీటిని వడకట్టి పంపే చిన్న గడ్డలు) కూడా తీస్తారు. దాంతో కాళ్ల నుంచి పైకి వెళ్లాల్సిన నీరు వెళ్లలేక కొందరికి కాలు వాచిపోతుంది. అక్కడ రేడియేషన్ ఇచ్చినా అంతే. వాపు కొందరికి నెలల్లో వస్తే, కొందరికి ఏళ్లు గడిచి, ఇక గండం గడిచిందనుకున్నాక వస్తుంది. దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. వదిలేస్తే చర్మం గట్టిపడుతుంది, చిన్న గీత పడినా ఇన్ఫెక్షన్ పాకి ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. వాపును అదుపులో ఉంచేవి గట్టిగా పట్టి ఉంచే ఈ కంప్రెషన్ మేజోళ్లే.

మరి ఆలస్యం ఎందుకు? బాగా వాచిన కాలికి కొలత తీస్తే ఆ మేజోడు పనికిరాదు. ముందు శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు కొన్ని వారాల పాటు పొరలు పొరలుగా కట్లు కట్టాలి. కాలి వాపు తగ్గి ఒక సైజు దగ్గర నిలబడ్డాకే కొలత. ‘టోకున ఒకేసారి కొంటే చవగ్గా వచ్చేవి’ అన్నారు. వచ్చేవే. కానీ కొలత కుదరని మేజోడు తొడ దగ్గర చుట్టుకుపోయి తాడులా కోస్తుంది, కింద వాపు ఇంకా పెరుగుతుంది. చవకవి కొని బీరువాలో పడేయించడం కన్నా డబ్బు బ్యాంకులో ఆగడమే నయమని కమిటీ అనుకుంది. ఇప్పటికీ అదే అంటున్నాం. వడ్డీ కూడా నిధికే జమ అయింది, చూసుకోండి.

మనిషికి రెండు జతలు ఎందుకంటే, ఒకటి ఉతికి ఆరేసినప్పుడు ఇంకొకటి వేసుకోవాలి. రోజూ వాడితే ఆరు నెలలకు సాగిపోయి పట్టు పోతుంది. అంటే ఈ ఖర్చు వచ్చే ఏడూ ఉంటుంది, ఆపై ఏడూ ఉంటుంది.

ఇతర వైద్య సామగ్రి: ఈ పద్దు పేరు చూసి ఏదో దాచామన్నారు. దాచిన మాట నిజమే, కావాలనే దాచాం. పొత్తికడుపుకి రేడియేషన్ తీసుకున్నాక యోని మార్గం బిగుసుకుపోకుండా డాక్టర్లు వాడమనే డైలేటర్లు, పొడిబారడానికి వాడే జెల్‌లు ఇందులో ఉన్నాయి. ‘ఇలాంటివి చందా డబ్బుతోనా’ అన్నారు ఒక పెద్దాయన. అవునండీ. కాపురం సంగతి అలా ఉంచండి, ఆ మార్గం మూసుకుపోతే తర్వాతి చెకప్‌లో డాక్టరు పరీక్ష చేయడమే కష్టమవుతుంది. ఈ పేర్లు పట్టికలో విడిగా వేస్తే, ఇంత తక్కువ మందిలో ఎవరికి ఇచ్చామో ఊహించడం ఎంత సేపు? పద్దు పేరు ఇకముందు కూడా ఇదే.

కౌన్సెలర్ ఫీజు: క్యాన్సర్ మళ్లీ వస్తుందేమోనన్న టెన్షన్, భార్యాభర్తల మధ్య మాట కరువవడం. వీటికి రసీదు తప్ప చూపించడానికి వేరే ఏమీ ఉండదు.

నిల్వ: ఇప్పటికే మేజోళ్లు వాడుతున్నవాళ్లకు వచ్చే విడత కొనడానికి సరిపోతుంది. కొత్తగా అడిగినవాళ్లకు కట్లు మొదలుపెట్టాలంటే ప్రకటించిన విరాళాలు రావాలి. ఇవ్వలేని పరిస్థితి ఉంటే ఆ మాటే చెప్పేయండి, గడిలోంచి తీసేస్తాం, ఏమీ అనుకోం.

ఇట్లు,
అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి