పిల్లలతో ఇల్లు మారేవారికి కాలనీ వివరాలు ముందే తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

వార్షిక పరీక్షలు ముగిసినప్పటి నుంచి జూన్‌లో బడులు తెరిచే దాకా హనుమకొండ, వరంగల్, కాజీపేట గల్లీల్లో టు-లెట్ బోర్డులు చూస్తూ తిరిగేవారిలో చిన్నపిల్లల తల్లిదండ్రులే ఎక్కువగా కనిపిస్తారు. పిల్లల చదువు కోసం ములుగు, మహబూబాబాద్, జనగామ వైపు నుంచి వచ్చే కుటుంబాలు, భర్త భూపాలపల్లి గనుల్లో డ్యూటీ చేసుకుంటుంటే పిల్లలను తీసుకొని ఇక్కడ ఉండే ఇల్లాళ్లు, బదిలీపై వచ్చే ఉద్యోగులు, మడికొండ ఐటీ పార్కులోనో గీసుకొండ, సంగెం మండలాల మధ్య ఉన్న టెక్స్‌టైల్ పార్కులోనో పని దొరికినవారు, అందరూ ఒకటి రెండు ఆదివారాల్లోనే ఏ కాలనీలో ఉండాలో తేల్చుకోవలసి వస్తోంది. ఆ నిర్ణయానికి అవసరమైన సమాచారం చాలా వరకు ప్రభుత్వ కార్యాలయాల్లో ఉన్నా ఇల్లు వెతికేవారి చేతికి మాత్రం అందడం లేదు. దాన్ని డివిజన్ల (వార్డుల) వారీగా బయట పెట్టాలని గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

హనుమకొండలో మా ఇంట్లో రెండు పోర్షన్లు కిరాయికి ఇస్తుంటాను కాబట్టి, వచ్చినవారు ఏమి అడుగుతారో, ఏమి అడగరో నాకు తెలుసు. కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎన్ని నెలలది, నల్లా ఎప్పుడు వస్తుంది, బోరు ఉందా, తలుపు తూర్పుకా ఉత్తరానికా, ఫలానా స్కూలు బస్సు ఈ గల్లీలోకి వస్తుందా అని అడుగుతారు. వాన పడితే నీళ్లు ఎటు పోతాయని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. ఈశాన్యం మూల కోసం చూపే శ్రద్ధలో సగం పక్కనున్న నాలా మీద పెట్టినా బాగుండునని ఎన్నోసార్లు అనిపించింది. వాస్తు చూసుకోవద్దని నేను అనడం లేదు. మా ఇల్లు కూడా వాస్తు ప్రకారం కట్టించుకున్నదే.

వరంగల్ చెరువుల మధ్య పెరిగిన నగరం. భద్రకాళి, వడ్డేపల్లి చెరువులు అందరికీ కనిపిస్తాయి గానీ, ఒక చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు ఏ నాలా గుండా ఏ కాలనీ అంచు తాకుతూ పోతుందో కొత్తగా వచ్చినవారికి తెలిసే వీలు లేదు. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను కురిసిన వానలకు నయీంనగర్, సమ్మయ్యనగర్, హంటర్ రోడ్డు, బొందివాగు పరిసరాల్లోని ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ వంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లు రావడం, జనాన్ని పడవలపై బయటికి తేవడం ఇక్కడివారు మరచిపోలేదు. ఆ తర్వాత నయీంనగర్‌లో పాత వంతెన తీసేసి కొత్తది కట్టారు, నాలాను వెడల్పు చేసి గోడలు లేపారు. కాబట్టి అప్పుడు మునిగిన ప్రతి గల్లీ ఇప్పుడూ మునుగుతుందని చెప్పలేము. ఏ గల్లీ పరిస్థితి మారింది, ఏది మారలేదు అన్నది ఇల్లు వెతికేవారు ఊహించుకోవలసిన విషయం కాదు, సంబంధిత ఇంజినీర్లు లెక్క చూసి చెప్పవలసిన విషయం.

ఆ లెక్క బయటికి వచ్చే దాకా తల్లిదండ్రులు తమ కళ్లతో చూసుకోదగినవి కొన్ని ఉన్నాయి. వేసవిలో గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్లకు కొత్తగా రంగు వేసి చూపిస్తారు కనుక హాలు గోడలను చూసి లాభం లేదు. వంటగది గట్టు కింద, మెట్ల కింద, బాత్రూము వెనుక గోడ చూడాలి, నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా చెమ్మ ఎక్కి రంగు పొక్కులు లేచిందేమో అక్కడే తెలుస్తుంది. పాత స్విచ్ బోర్డులను మూసివేసి అదే గోడకు బాగా పైన కొత్తవి బిగించి ఉంటే దానికి కారణం అడగాలి. గేటు దగ్గర నిలబడి చూస్తే ఇంటి గడప రోడ్డు కంటే పైకి ఉందో కిందికి ఉందో తెలుస్తుంది. మన నగరంలో పాత రోడ్డును తవ్వకుండా దాని మీదనే సీసీ రోడ్డు పోయడం అలవాటైపోయినందున, ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి లోపలికి వెళ్లిన ఇళ్లకు ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్లవలసి వస్తోంది. అలాంటి ఇంట్లో పాకే పిల్లవాడితో వానాకాలం గడపడమంటే ఏమిటో ఆ గల్లీ చివర కిరాణా కొట్టు అమ్మను అడిగితే ఓనరు కంటే నిజాయితీగా చెబుతుంది.

చెరువులు, వాగుల పక్కన ఎంత స్థలం వదిలి కట్టుకోవాలో 2012లో వచ్చిన 168వ నంబరు జీవోలో స్పష్టంగా ఉంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకైతే హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకైతే 9 మీటర్లు, పది మీటర్ల కంటే వెడల్పైన వాగుకు 9 మీటర్లు, అంతకంటే చిన్న నాలాకు 2 మీటర్లు వదలాలి. కొనేవారు కాగితాలు అడుగుతారు, న్యాయవాదికి చూపిస్తారు. కిరాయికి వచ్చేవారికి ఆ అవకాశమూ లేదు, ఆ ఆలోచనా రాదు. ఆ నిబంధన పాటించని ఇంట్లో నీళ్లు వచ్చిన రాత్రి మంచంపై పిల్లలను కూర్చోబెట్టుకొనేది మాత్రం వారే.

తర్వాతి విషయం బడి దూరం. చాలా మంది ముందు స్కూలు పేరు ఎంచుకొని, సీటు ఖాయం చేసుకొని, ఆ తర్వాత కిరాయి తక్కువగా ఉన్న చోట ఇల్లు చూస్తారు. భీమారంలో ఇల్లు, హంటర్ రోడ్డులో బడి అయితే నాలుగేళ్ల పిల్ల పొద్దున్నే బస్సెక్కి గల్లీగల్లీ తిరుగుతూ, కిషన్‌పుర, హనుమకొండ చౌరస్తాల రద్దీ దాటుకొని చేరాలి. ఆటో అయితే మరీ కష్టం. డ్రైవరు పక్కన ఇద్దరు, వెనుక అడ్డంగా వేసిన చెక్కపై ముగ్గురు, బ్యాగులన్నీ బయట కొక్కేలకు వేలాడుతూ పోయే ఆటోలను మనం రోజూ చూస్తూనే ఉన్నాము. వరంగల్ స్టేషన్‌కు ఒక వైపు ఇల్లు, మరో వైపు బడి ఉంటే శివనగర్ అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిచిన రోజున ఏ దారిలో పిల్లలను తేవాలో ముందే ఆలోచించుకోవాలి. పెద్ద తరగతుల పిల్లలు ఈ దూరాలను ఎలాగో తట్టుకుంటారు. నర్సరీ నుంచి రెండో తరగతి దాకా మాత్రం నడిచి వెళ్లగలిగే బడికే నా ఓటు, ఆ బడి పేరు హోర్డింగుల మీద లేకపోయినా సరే.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. ప్రాథమిక బడి నివాసానికి కిలోమీటరు లోపు ఉండాలన్నది దాని కింద పెట్టుకున్న నియమమే. ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ ఉంది. కొత్తగా దిగిన కుటుంబానికి తమ గల్లీకి ఏ ప్రభుత్వ బడి దగ్గరో, అంగన్‌వాడీ ఏ ఇంట్లో నడుస్తోందో చెప్పేవారు లేరు. కిరాయి గదిలో నడిచే అంగన్‌వాడీ ఇల్లు మారితే పక్క వీధివారికే తెలియదు. పిల్లల టీకాల కార్డు పాత ఊరిది కావడం వల్ల కొత్త చోట ఎక్కడికి వెళ్లాలో తెలియక తొమ్మిదో నెల తట్టు, రుబెల్లా టీకాను, ఏడాదిన్నర వయసులో వేయించవలసిన బూస్టరును ఆలస్యం చేసేవారు ఉన్నారు. ఏ పట్టణ ఆరోగ్య కేంద్రంలోనైనా ఆ కార్డు చూపిస్తే ఉచితంగా వేస్తారు. రాత్రివేళ జ్వరం ముదిరితే ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో కూడా ఇల్లు చూసిన రోజే ఒకసారి బండిపై వెళ్లి చూసుకుంటే మంచిది.

ఆటస్థలం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అనుమతి పొందిన లేఅవుట్లలో పార్కుకు స్థలం వదలడం తప్పనిసరి అయినా, దానికి గేటు ఉందా, తాళం ఎవరి దగ్గర ఉంది, సాయంత్రం లైటు వెలుగుతుందా అన్నది చూస్తేనే తెలుస్తుంది. 2023 మేలో కాజీపేటలో వీధికుక్కల దాడిలో ఒక బాలుడు ప్రాణం కోల్పోయాక కూడా చీకటి పడ్డాక మన గల్లీల్లో కుక్కల గుంపులు తగ్గలేదు. అందుకే ఇంటిని ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారి చూసి అడ్వాన్స్ ఇవ్వకుండా, పని రోజున పొద్దున బస్సుల వేళకు ఒకసారి, రాత్రి ఎనిమిది దాటాక మరోసారి ఆ గల్లీలో నడిచి చూడాలని వచ్చినవారికి నేను చెబుతుంటాను. కొందరు వింటారు. అప్పటికే అడ్వాన్స్ జేబులో పెట్టుకొని వచ్చినవారు వినరు.

తల్లిదండ్రుల జాగ్రత్త ఒక మేరకే పనిచేస్తుంది. నగరంలో 66 డివిజన్లు ఉన్నాయి. ఒక్కో డివిజన్‌కు ఒక్కో పేజీ చాలు. 2020, 2023 వానల్లో ఏ గల్లీలు మునిగాయి, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయి, తర్వాత ఏ పనులు జరిగాయి, దగ్గరలోని ప్రభుత్వ ప్రాథమిక బడి, అంగన్‌వాడీ, ఆరోగ్య కేంద్రం, పార్కు ఎక్కడ, నల్లా నీళ్లు ఏ వేళకు వస్తాయి, కుక్కల గురించి ఏ నంబరుకు ఫిర్యాదు చేయాలి, ఇంత రాస్తే సరిపోతుంది. దీన్ని సంస్థ వెబ్‌సైట్లోను, వార్డు కార్యాలయాల గోడ మీదను ఏటా మార్చి నెలాఖరులోగా పెట్టాలి. మునిగిన గల్లీల్లో కరెంటు స్తంభాలపై నీటిమట్టం గుర్తును తేదీతో సహా రంగుతో వేయించాలి. ఇందుకు పెద్ద బడ్జెట్ అవసరం లేదు, ఒక పెయింటరు, ఒక కొలత టేపు, ఆ గల్లీలో ఉండే ఇద్దరు పెద్దమనుషులు ఉంటే ఒక్క రోజులో ఒక కాలనీ పూర్తవుతుంది.

ఇలా గుర్తులు వేస్తే కిరాయిలు పడిపోతాయని, ప్లాట్ల ధర తగ్గుతుందని నాతోటి ఓనర్లు అభ్యంతరం చెబుతారని తెలుసు. కొంత తగ్గవచ్చు కూడా. అయితే విషయం దాచి జూన్‌లో ఇల్లు ఇచ్చి, ఆగస్టులో నీళ్లు వచ్చాక కిరాయిదారు సామాను సర్దుకుంటే అడ్వాన్స్ తిరిగి ఇవ్వవలసిందే, బడులు మొదలయ్యాక కొత్త కుటుంబం దొరకక పోర్షన్ వచ్చే వేసవి దాకా ఖాళీగా ఉండవలసిందే. పైగా నాలా మరమ్మతులు నిజంగా జరిగిన కాలనీలకు ఈ పేజీ వల్ల మేలే జరుగుతుంది, ఎందుకంటే పాత చెడ్డపేరును తుడిచేసుకోవడానికి వారికి మరో దారి లేదు. తక్కువ కిరాయికి తెలిసే దిగినవారు ముందుగానే పై అంతస్తు అడుగుతారు, బియ్యం డబ్బాలు, పిల్లల పుస్తకాలు, టీకాల కార్డు అటక మీద పెట్టుకుంటారు.

నగరమంతా ఒక్కసారి వీలుకాకపోతే ముందుగా నాలాల వెంట ఉన్న డివిజన్లతో మొదలుపెట్టాలని మేయరు, కమిషనర్ గార్లకు విన్నవిస్తున్నాను. 2023లో మా గల్లీలో నీళ్లు మొదటి మెట్టు దాకా వచ్చాయి, పక్క గల్లీలో కిటికీల దాకా వెళ్లాయి. మా ఇంటి ముందు ఉన్న స్తంభం మీద ఆ గుర్తు వేయడానికి నాకు ఎలాంటి అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక ఇంటి యజమాని,
హనుమకొండ