నీళ్ళ గిన్నె

ఒరేయ్,

ఫోన్ ఎత్తట్లేదేంట్రా అని నాలుగు మెసేజ్‌లు పెట్టావు. ఎత్తితే ఏడుస్తానని భయం, అంతే. రాయడమే నయం, మధ్యలో నువ్వు అడ్డు రాలేవు.

బుజ్జిగాడు పోయాడురా. మొన్న మంగళవారం పొద్దున. పదమూడేళ్ళు దాటాయి, కుక్కకి వయసైపోయినట్టే కదా అంటున్నారు అందరూ. నిజమే. కానీ మా పెళ్ళికంటే పాతవాడు వాడు.

కిడ్నీలు పోయాయి. నన్ను తినేస్తున్నదేంటంటే, రెండు నెలల ముందు నుంచే వాడు నీళ్ళు తెగ తాగేవాడు. పొద్దున నింపిన గిన్నె మధ్యాహ్నానికి ఖాళీ. "చూడు, ఎంత బుద్ధిగా తాగుతున్నాడో" అని మురిసిపోయింది నేనే! కిడ్నీ దెబ్బతింటే ఒంట్లో నీటిని పట్టి ఉంచలేదట, అంతా ఉచ్చగా పోతుంది, అందుకే ఆ దాహం. తిండి మానేసి, నోరు వాసన కొట్టేదాకా నాకు వెలగలేదు. డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, "రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగినట్టు తేలేసరికే కిడ్నీల పని 75 శాతం దాకా పోయి ఉంటుందండీ, మీరు నెల ముందు వచ్చినా..." అని ఆగిపోయాడు. ఆ మాట పూర్తి చేసి ఉంటే బాగుండేది. రాత్రిళ్ళు నేనే రకరకాలుగా పూర్తి చేసుకుంటున్నాను.

మెడ వెనక చర్మం ఎత్తిపట్టి, సూది గుచ్చి, సెలైన్ ఎక్కించడం నేర్చుకున్నాను. నేను! సూది చూస్తే కళ్ళు తిరిగేవాణ్ణి. ఆ నీరంతా భుజాల మధ్య మూపురంలా ఉబ్బేది, వాడు చిన్న కోడెదూడలా ఇల్లంతా తిరిగేవాడు. అంత బాధలోనూ నవ్వొచ్చేది.

చివరికి ఇంజెక్షనే ఇప్పించాం. మత్తుమందేనట, మోతాదు ఎక్కువ. తల నా ఒళ్ళో ఉంది. కాసేపట్లో అయిపోయింది. కళ్ళు మూసుకుంటాడనుకున్నాను, మూసుకోలేదు. కుక్కలకి అలా తెరుచుకునే ఉండిపోతాయట. ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. రెండుసార్లు నేనే మూశాను, మళ్ళీ తెరుచుకున్నాయి.

ఆఫీసులో లీవుకి జ్వరం అని రాశాను. "కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకో" అన్నాడొకాయన. కుక్కని వదిలి స్వర్గంలోకి రానన్న ధర్మరాజు కథ అందరికీ ఇష్టమే, మనం ఒక్కరోజు సెలవు పెడితే మాత్రం నవ్వు.

అన్నట్టు, నీ ఎడమ చెప్పు దొరికింది. కొరికి దాచేస్తే తిట్టుకుంటూ ఒట్టి కాళ్ళతో పోయావే, అది. వాడి పరుపు కింద ఉంది. పారేయబోయి ఆగాను.

రాత్రి లేస్తే గుమ్మం దగ్గర కాలు దానంతటదే ఎత్తి వేస్తున్నాను, అడ్డంగా పడుకున్నాడేమోనని. గిన్నె ఇంకా తీయలేదు. నిన్న చూస్తే నిండా నీళ్ళున్నాయి. నింపింది నేను కాదు. మా ఆవిడని అడగలేదు.

ఆదివారం రా. ఫోన్ వద్దు, నేరుగా వచ్చెయ్. చెప్పులు పైన పెట్టక్కర్లేదు.

నీ
నేనే